చల్లటి నీళ్లలో చాయ్‌పత్తి

నా చిన్నప్పుడు టీపొడికి దారం కట్టిన సంచులు లేవు. కాగితం పొట్లం ఉండేది, దాని నాణ్యత చెప్పడానికి మా తాత ఉండేవాడు. నారాయణపేటలో మాది మగ్గాల వీధి. నూలుకు రంగులద్దే విషయంలో తాత మాటే ఆఖరు. ఆ అధికారాన్ని ఆయన ఎవరూ అడగకుండానే టీ దాకా పొడిగించుకున్నాడు. డికాషన్ ఎంత ఎర్రగా ఉంటే టీ అంత గొప్పదని ఆయన నమ్మకం. మేం ఖాలా అని పిలిచే పక్కింటామె పెట్టే టీకి రంగు నిదానంగా వచ్చేది కనుక దాన్ని "బిందె కడిగిన నీళ్లు" అని మెచ్చుకునేవాడు. ఆమె భర్త బస్టాండు దగ్గర చాయ్ హోటల్ నడిపేవాడు. అయినా ఖాలా నవ్వి ఊరుకునేది.

మా చిన్నత్తకు సంబంధం కుదిరింది. వియ్యాలవారు మొదటిసారి మా ఇంటికి వస్తున్నారు. వియ్యపురాలికి టీ పట్టింపు ఎక్కువని, నచ్చకపోతే ఆ మాట తనలో దాచుకునే మనిషి కాదని ముందే కబురందింది. తాత సంతకు పోయి, తన జన్మలో చూడనంత ఎర్రటి రంగునిచ్చే పొడి తెచ్చాడు. ఆయన ముఖం చూస్తే పెళ్లి కూడా అయిపోయినట్టే ఉంది.

మా నాయనమ్మను అవ్వ అనేవాళ్లం. తెల్లారి ఆమె ఆ పొడితో టీ కాచి, ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది. రంగు గురించి తాతకు ఎదురు చెప్పడం మా ఇంట్లో అలవాటు లేదు. అందుకని చిటికెడు పొడి గోడ మీదుగా ఖాలాకు అందించింది.

కాసేపటికి ఖాలా మగ్గాల గదిలోకి వచ్చింది. రెండు గాజు గ్లాసుల్లో చల్లటి నీళ్లు, తెల్లగుడ్డ పీలికల్లో కట్టిన రెండు బుల్లి మూటలు. నేను చూసిన మొదటి టీ సంచులు అవే, అప్పుడు తెలియదు.

"మామా, రెండు రకాల రంగులు తెచ్చిన. నూలుకు ఏది మంచిగుంటదో జర సూడు," అని మూటలు రెండూ నీళ్లలోకి వదిలింది.

ఒక మూట నుంచి ఎరుపు అప్పుడే తీగలు తీగలుగా దిగింది. రెండోది ఏ తొందరా లేనట్టు కూర్చుంది.

"గీ మొదటిది పారబొయ్యి బిడ్డా," అన్నాడు తాత, వెలుతురులో గ్లాసు తిప్పి చూస్తూ. "సల్ల నీళ్లల్లనే గిట్ల దుంకుతాంది. ఉతికిననాడు కట్టుకున్నామె ఒళ్లంత అంటుకుంటది. రెండోది ఓపిక గల్లది. మసిలితేగాని రాదు."

"గట్లనే పారబోస్త మామా. గది నువ్వు తెచ్చిన చాయ్‌పత్తే."

తాత కాసేపు పైకప్పు వాసాలను శ్రద్ధగా పరిశీలించాడు.

"వియ్యపురాలు మన యాదికి నోరంత రంగు పూసుకొని పోతుండె," అంది అవ్వ, కొంగు అడ్డం పెట్టుకుని.

"నేను రెండుసార్లూ నిజమే చెప్పిన," అన్నాడు తాత. "నిన్న ఎర్రగున్నదన్న. ఇయ్యాల కారుతదన్న."

మర్నాడు వియ్యాలవారు వచ్చేసరికి ఖాలా రెండో మూటలో కట్టిన తన ఇంటి పొడే పొయ్యెక్కింది. వియ్యపురాలు గుక్క గుక్కగా తాగింది. మా అందరి ఊపిరి ఆమె గ్లాసులోనే ఉంది. ఆమె ఖాళీ గ్లాసు మళ్లీ ముందుకు చాపింది. "ఓపిక గల్ల రంగు వదినా," అన్నాడు తాత, తానే కనిపెట్టినట్టు. గోడ అవతల ఎవరో నవ్వారు.

ఇప్పుడు టీ సంచులు పెట్టెల్లో వస్తున్నాయి. పెట్టె మీది వర్ణన మర్యాద కోసం పూర్తిగా చదువుతాను. తర్వాత ఒక సంచిని చల్లటి నీళ్లలో వేస్తాను. వెంటనే ఎర్రబడితే దానికి సెలవు. నిలిస్తే ఇంకోదాన్ని మసిలే నీళ్లలో ఉంచి, పిండకుండా తీసి, ముందు వాసన చూస్తాను. పాలూ చక్కెరా లేకుండా ఒక గుక్క. నాలుక మీద కొంచెం వగరు, అది పోయాక కొంచెం తీపి మిగిలితే ఆ రోజుకు నాకు ఫిర్యాదులు లేవు.

ఈ సంగతి మనవరాలికి చెప్పడం తెలివైన పనేనా అని ఈమధ్య అనుమానం. మొన్న రెండు గ్లాసులు తెచ్చి, "అవ్వా, ఏది మంచిదో జర చెప్పు," అంది. సంచుల మీది పేర్లు కత్తిరించేసింది. ఒకదాన్ని రుచి చూసి, ఇలాంటిది కొన్నవాళ్లకు నాలుక లేదన్నాను.

"గది నువ్వు మంచిదని తెప్పించిందే అవ్వా."

మా ఇంటి స్లాబు చాలా నున్నగా ఉంది. పరిశీలించడానికి వాసాలు కూడా లేవు. రెండో గ్లాసు అందుకుని, "నేను రెండుసార్లూ నిజమే చెప్పిన," అన్నాను.