డ్రైవర్ల వంటింట్లో ఓట్స్ సంచి

మా తమ్ముడి కూతురు వంటమనిషిగా సాధించిన మొదటి విజయం ఒక గిన్నెను ఖాళీ చేయించడం. ఇంతేనా అనిపించవచ్చు. ఆ గిన్నె ఖాళీ కావడానికి నలభై రోజులు పట్టింది. అందులో ఉన్నది ఓట్స్. తినవలసినవాడు రైల్వే శాఖలో ఇరవై తొమ్మిదేళ్లుగా ఇంజను నడుపుతున్న పెద్ద డ్రైవరు. ఆయన్ను అందరూ నిదానం గారు అంటారు. బండి ఎంత ఆలస్యమైనా గీత దాటి వేగం పెంచడు గనుక ఆ పేరు పడింది.

ఆమె వండేది రైలు నడిపేవాళ్లు డ్యూటీ దిగి పడుకునే విడిదిలో. ఇరవై మంచాలు, ఒక పొడుగాటి భోజనాల బల్ల, దాని వెనక వంటగది. అక్కడ నేను ముప్పై ఒక్క సంవత్సరాలు కాపలాదారుగా పనిచేశాను. ఏ డ్రైవరును ఏ వేళకు లేపాలో పుస్తకంలో రాసుకుని లేపేవాణ్ణి. ఒక్కరినైనా ఆలస్యంగా లేపిన పాపాన పోలేదు. నా చదువు పల్లెటూరి బడిలో ఎనిమిదో తరగతితో సరి. అయినా ఆ పుస్తకంలో నా దస్తూరీ చూసి తనిఖీకి వచ్చిన అధికారి, ఇది అచ్చు వేసినట్టుందే అన్నాడు. నేను పని మానిన ఏడాదే మా తమ్ముడి కూతురు, మా అమ్మాయే అనండి, ఆ వంటగదిలో చేరింది. నాలుగు పొయ్యిల మీద ఇరవై మందికి ఇరవై రకాలుగా వండి, ఒక్కరి అన్నమూ మాడకుండా ఆరేళ్లు నెట్టుకొచ్చింది.

ఇరవై రకాలు ఎందుకంటే అక్కడి పద్ధతి అది. ఎవరి సరుకు వాళ్లు తెచ్చుకుంటారు. బియ్యం, కూరగాయలు, గుడ్లు సంచిలో పెట్టి, మంచం నంబరు కొట్టిన రేకు బిళ్ళ కట్టి వంటమనిషికి అప్పగిస్తారు. ఆమె ఎవరిది వాళ్లకు వేరుగా వండి, అదే బిళ్ళ పెట్టిన గిన్నెలో ఇస్తుంది. ఒకరి సంచిలోది మరొకరికి వేయడం పెద్ద తప్పు. ఆ బిళ్ళలు కొట్టించింది నేనే. అంతకు ముందు ఆ వంటగదిలో ఉల్లిపాయ దగ్గర కూడా గొడవలే. తర్వాత ఒక్క ఫిర్యాదు లేదు.

నిదానం గారికి చక్కెర వ్యాధి ముదిరింది. ఆరు నెలల్లో మళ్లీ పరీక్ష చేస్తామనీ, అప్పటికి అదుపులోకి రాకపోతే ఇంజను దిగవలసిందేననీ శాఖ డాక్టరు చెప్పాడు. దిగితే యార్డులో కూర్చోబెట్టి చిట్టాలు రాయిస్తారు. ఇంజను తప్ప మరో లోకం తెలియని మనిషికి అది ఎలా ఉంటుందో నేను చెప్పనక్కరలేదు. ఆయన భార్య సంచిలో ఓట్స్ పోసి పంపి, మా అమ్మాయికి ఫోన్ చేసింది.

“ఇంట్లో నా కళ్లముందు తింటాడమ్మా. బయటికెళ్తే ఏం తింటున్నాడో ఆ ఇంజనుకే తెలియాలి. నువ్వే చూడాలి తల్లీ.”

“పంపించండి వదినా, నేను చూస్తాగా” అంది మా అమ్మాయి.

మొదటి రోజు పొట్లం మీద ఉన్నట్టే పాలలో ఉడికించి ఇచ్చింది. బల్ల దగ్గర ఒక గార్డు ఉన్నాడు. వంకర మాటల్లో అతన్ని మించినవాడు లేడు.

“ఏం నిదానం గారూ, గోడలకి పోస్టర్లు అంటించే పని కూడా ఒప్పుకున్నారా? బకెట్టు తెమ్మంటారా?”

“నవ్వు నాయనా, నవ్వు. నా వయసొచ్చాక నీకు ఈ జిగురు కూడా దొరకదు.”

ఆ మాట అని గిన్నె పక్కకు నెట్టాడు. తన కింద పనిచేసే చిన్న డ్రైవరు పళ్లెంలోంచి బంగాళదుంప వేపుడు, అన్నం లాగించాడు. గిన్నె నిండుగా తిరిగొచ్చింది. రెండోరోజూ అంతే.

మా అమ్మాయి నాతో మొరపెట్టుకుంది. సంచిలో ఏముంటే అది వండడం వరకే నీ పని అన్నాను.

“అదెలా పెదనాన్నా? సంచి నా చేతికిచ్చారు కదా.”

“బిళ్ళ కట్టి ఇచ్చారు. వండావు, బిళ్ళ పెట్టావు. ఇంక ఆయన ఇష్టం.”

“బిళ్ళ తినదుగా.”

తప్పంతా తన చేతిలోనే ఉందనుకుని ఆమె రకరకాలుగా ప్రయత్నించింది. అప్పుడే ఒక సంగతి కనిపెట్టింది. పొట్లం మీద ఉదయిస్తున్న సూర్యుడి బొమ్మ ఉంటుంది, అంటే అది పొద్దుటి ఫలహారం. నిదానం గారు తొమ్మిది గంటలు బండి నడిపి సాయంత్రం నాలుగింటికి దిగుతాడు. ఆ ఆకలికి పాలలో ఉడికించింది పెడితే రోగి పథ్యంలా ఉంటుంది గాని భోజనంలా ఉండదు. కాబట్టి ఓట్స్‌ను ముందు పొడి బాణలిలో కమ్మటి వాసన వచ్చేదాకా వేయించింది. ఉల్లిపాయ, క్యారెట్, బీన్స్ మగ్గించి, అందులో ఈ ఓట్స్ పోసి, నీళ్లు చిలకరించి మూత పెట్టింది. పలుకు పలుకుగా విడింది. ఆయన నాలుగు చెంచాలు తిన్నాడు. మర్నాడు పొడి కొట్టి, గుడ్డూ ఆకుకూర తరుగూ కలిపి పెనం మీద పలచగా పోసింది. సగం తిన్నాడు. టమాటా, మిరియాలతో సూప్ కాచి చిక్కదనానికి గుప్పెడు వేసింది. రుచి బాగుందన్నాడు, వదిలేశాడు.

రుచి బాగుందంటూనే ఎందుకు వదిలేస్తున్నట్టు?

పని మానినా నేను రోజూ టీ తాగడానికి విడిదికి వెళ్తాను. ఒకరోజు నేనూ ఆమే వంటగది కిటికీలోంచి చూశాం. నిదానం గారు బల్ల దగ్గర లేడు. చేతులు కడుక్కునే తొట్టి పక్కన, గోడవైపు తిరిగి, గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఇరవై తొమ్మిదేళ్లు ఆ బల్లకు నడిమధ్య కూర్చుని, పొగమంచులో సిగ్నలు కనపడని కథలు చెప్పి అందరినీ కూర్చోబెట్టిన మనిషి. నేను అన్నేళ్లు ప్రతి గిన్నెకీ బిళ్ళ సరిగ్గా ఉందా అని చూశానే తప్ప, ఆ గిన్నె పట్టుకుని మనిషి ఎక్కడ కూర్చున్నాడో చూడలేదు.

మర్నాడు గార్డు చేపలు తెచ్చాడు. మా అమ్మాయి గరిటె పట్టుకునే బయటికి వచ్చింది.

“నిదానం గారూ, మీ సంచిలోంచి అందరికీ కొంచెం వెయ్యనా? మీరు ఊఁ అంటేనే. సరుకు మీది.”

“వేస్తే మాత్రం వీళ్లు తింటారా?”

“అది నాకొదిలేయండి. గార్డు గారూ, మీ చేపలు నా ఇష్టం వచ్చినట్టు చేస్తాను. సరేనా?”

“పాడుచేస్తే మాత్రం మళ్లీ చేపలు నువ్వే తేవాలి.”

ఓట్స్‌ను బరకగా దంచి, ఉప్పూ కారం మిరియాల పొడి కలిపి, చేపముక్కలకు పట్టించి, కొద్ది నూనెతో పెనం మీద కాల్చింది. ముక్కలన్నీ ఒకే పెద్ద పళ్లెంలో బల్ల మధ్య పెట్టింది. పక్కనే నిదానం గారి కూరగాయల ఓట్స్ గిన్నె పెట్టింది. దానికి బిళ్ళ లేదు.

గార్డు రెండు ముక్కలు కరకరా నమిలాడు. “పైన ఈ కరకర ఏంటమ్మాయ్?”

“నిదానం గారి పోస్టర్ల జిగురు.”

బల్లంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది నిదానం గారే. “జరుగు నాయనా, నా చోట్లో కూర్చున్నావు” అని గార్డును పక్కకు తోసి మధ్యలో కూర్చున్నాడు. చేపముక్క తిన్నాడు, కథ మొదలుపెట్టాడు, మాటల్లో పడి గిన్నె మొత్తం ఊడ్చేశాడు. అది నలభయ్యో రోజు.

నాకు కోపం వచ్చింది. ఇద్దరి సరుకు ఒకే పళ్లెంలోనా అని ఆమెను కేకలేశాను.

“ఎవరి సంచి ఏదో నాకు తెలుసు, వాళ్లకీ తెలుసు పెదనాన్నా. అడిగే వేశాను. ఇంకేం తప్పు?”

గొడవలు ఆపడానికి పెట్టిన పద్ధతి మంచిదేనని ఈనాటికీ అంటాను. కానీ గొడవలు లేకపోవడం వేరు, కలిసి కూర్చోవడం వేరు. రెండూ ఒకటేనని ముప్పై ఒక్కేళ్లు అనుకున్నాను. నా ఖాతాలో ఉన్న మంచి మాటలన్నిటి పక్కనా ఈ ఒక్క తప్పూ రాసుకోవలసిందే.

ఆ తర్వాత మా అమ్మాయి చేతిలో ఓట్స్‌కు వేళాపాళా లేకుండా పోయింది. తెల్లవారుజామున బండి ఎక్కేవాళ్లకు ముందురోజే పెరుగులో నానబెట్టి, ఆపిల్ ముక్కలూ గుమ్మడి గింజలూ చల్లి డబ్బాలో ఇచ్చేది. మధ్యాహ్నం దిగేవాళ్లకు ఉడికిన పప్పుతో కలిపి గరిటెజారుగా చేసేది. టీ వేళకు అరటిపండు చిదిమి, దాల్చినచెక్క పొడి కలిపి చిన్న బిళ్ళలుగా కాల్చేది. నిదానం గారికి అందులో ఒక్కటే, అదీ కొలిచినట్టు. పదకొండు రకాలు లెక్కపెట్టాను. తమ సంచుల్లో ఓట్స్ తెచ్చుకునేవాళ్లు తొమ్మిది మంది అయ్యారు. వాళ్లలో గార్డు ఒకడు. తనకు ఏ జబ్బూ లేదని అడగనివాళ్లకు కూడా చెప్పుకుంటాడు.

ఆరు నెలలకు నిదానం గారికి పరీక్ష జరిగింది. చక్కెర అదుపులోకి వచ్చింది, ఇంజను ఆయనకే ఉంది. ఓట్స్ ఒక్కటే చేసిందని మా అమ్మాయీ అనదు. మాత్రలు తప్పకుండా వేసుకున్నాడు, దిగిన ప్రతిసారీ ప్లాట్‌ఫారం ఈ చివరినుంచి ఆ చివరికి నడిచాడు. డ్యూటీలో ఏం తిన్నావని డాక్టరు అడిగితే మాత్రం మా అమ్మాయి పేరు చెప్పాడు. డాక్టరు పై ఆఫీసుకు రాశాడు. దాంతో ఆమెను మరో నాలుగు విడుదులకు పంపారు, అక్కడి వంటమనుషులకు నేర్పి రమ్మని. మా ఇంట్లో ఆఫీసు కాగితం మీద పేరు అచ్చయినవాళ్లలో ఆమె మొదటిది.

ప్రస్తుతం వంటగదిలో వేరే ఆమె ఉంది. వండడం వచ్చు. పళ్లెం మధ్యలో పెట్టాలంటే భయపడి నా వైపు చూస్తుంది. పెట్టమ్మా, వాళ్లు సరేనంటే పెట్టు అని నేనే చెబుతున్నాను. నిదానం గారు దిగిన ప్రతిసారీ మొదట అడిగే మాట ఒక్కటే, అమ్మాయి ఎప్పుడొస్తుందని. ఆ ఆఫీసు కాగితం తీసి, ఆమె తిరిగొచ్చే తేదీ చదివి వినిపిస్తాను: జూన్ పదకొండో తేదీ, బుధవారం.