టైగర్‌తో టూ... నాయనతో టూ

మా చిన్నప్పుడు... ప్రొద్దుటూరులో మా ఇంటి వసారాలో కూర్చుని, ఒక కుక్కపిల్లను కాళ్లావేళ్లా పడి బతిమాలాను. "కరవాకు టైగర్... నీకు దండం పెడతా, కరవాకు..." అది బుద్ధిగా విని నా బొటనవేలు కొరికింది.

నాయన బట్టల కొట్టు వెనక దొరికిన పిల్ల అది. పేరు పెట్టిందీ ఆయనే. చూస్తే గుప్పెడు, పళ్లు మాత్రం సూదులు. లంగా అంచులు, చెప్పులు, చీపురు... కదిలేదేదైనా దాని నోట్లోనే. అందరూ నవ్వేవాళ్లు. జేజి మడమ పట్టిన రోజు నవ్వులు ఆగిపోయాయి.

జేజి అంటే నాయన వాళ్లమ్మ. ఆమెకు షుగరు. చిన్న గీత పడినా నెలల తరబడి మానదు. ఆసుపత్రిలో కట్టు కట్టించి, సూది వేయించి తీసుకొచ్చాక నాయన తేల్చి చెప్పేశాడు.

"ఆదివారం జమ్మలమడుగు మామ వస్తాండాడు. ఆ లోపల కరిచేది మానితే సరి. లేదంటే గోతంలో ఏసి ఇచ్చేస్తా. చేని కాడ కట్టేసుకుంటాడు."

ఆ మామ నాయన స్నేహితుడు. ఆయన చేను చూశాను నేను... చుట్టుపక్కల మనిషి ఉండడు.

"ఆడ దానికి ఎవురుంటారు నాయనా?"

"మీ జేజి కాలు ముఖ్యమా, కుక్క ముఖ్యమా?"

నాకు రెండూ ముఖ్యమే.

చేయని పని లేదు. చేతులకు వేపాకు నూరి పూసుకున్నా. తుమ్మింది, కరిచింది. ఎర్రకారం పూసుకున్నా... శుభ్రంగా నాకి, ఇంకా ఉందా అన్నట్టు చూసింది. రాయలసీమ కుక్క కదా మరి. అదే చేత్తో నేను కళ్లు తుడుచుకుని ఆ పూటంతా కుళాయి కిందే ఉన్నాను.

శుక్రవారం సాయంత్రం మళ్లీ మణికట్టు దగ్గర కొరికింది. నాలో ఆశ చచ్చిపోయింది. ఏడుస్తూ దానికి చిటికెన వేలు చూపించి, "నీతో టూ. ఇంక మాట్లాడను పో" అని గోడ వైపు తిరిగి కూర్చున్నా. బడిలో ఎవరి మీదైనా అలిగితే మేం చేసే పనే అది.

నా చుట్టూ తిరిగింది. అరిచింది. నేను పలకలేదు. కాసేపటికి కుయ్యిమంటూ వచ్చి, మోచేతి కింద తల దూర్చి నాకింది. కరవలేదు.

ఇక కరిచినప్పుడల్లా టూ... ఆట బంద్. శనివారం మధ్యాహ్నానికి నా చెయ్యి నోట్లోకి తీసుకుని కూడా వదిలేయడం నేర్చింది.

అప్పుడే నాయన భోజనానికి వచ్చాడు. భుజం మీది తువ్వాలు తీసి దాని ముఖం ముందు ఆడించాడు. "పట్టు రా టైగర్... పట్టు పట్టు..." అది ఎగిరి కొరికి గుంజింది. ఆయన ఒకటే నవ్వు. రోజూ జరిగేదే ఇది, నా కళ్లకు ఆ రోజే కనబడింది. దానికి కరవడం నేర్పే పంతులు ఈయనే.

నా ఒళ్లు మండిపోయింది. చిటికెన వేలు చూపించా. "నీతో టూ నాయనా."

"నేనేం చేసినా పాపా?"

నేను గోడ వైపు తిరిగి కూర్చున్నా. మంచం మీద నుంచి జేజి అందుకుంది. "నేర్పేది నువ్వు, గోతంలో ఏసేది దాన్నా? పిల్ల ఎట్ల ఏడుస్తాందో సూడు. నాయమేనా రా ఇది?"

నాయన తువ్వాలు కొక్కేనికి తగిలించి కొట్టుకు వెళ్లిపోయాడు. సాయంత్రం వచ్చి నా పక్కనే కింద కూర్చున్నాడు. టైగర్ ఆయన వేలు కొరికింది. ఆయన బిడియంగా చిటికెన వేలు చూపించి, "నీతో టూ రా" అని, అంత లావు మనిషి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. నేను నవ్వబోయి ఏడ్చేశాను.

ఆదివారం మామ గోతంతో వచ్చాడు. మేం వద్దన్నా వినకుండా జేజి మంచి కాలు దాని ముందుకు చాపింది. టైగర్ నోరు తెరిచింది. అది నా వైపు చూసి, మెల్లగా నాకింది.

"నాకు కరిచే కుక్క కావాలప్పా, ఇది దేనికి?" అని మామ గోతం మడిచి చంకలో పెట్టుకున్నాడు.

ఇప్పుడు నాయనా నేనూ ఇదే ఊళ్లో రెండు వీధుల ఎడంలో ఉంటున్నాం. ఆ మధ్య మాటా మాటా పెరిగి పలకరింపులు ఆగిపోయాయి. అప్పట్లో టూ అంటే పొద్దుగూకేదాకే... ఇప్పుడు వేలు చూపించకుండానే నెలలు గడిచిపోతున్నాయి.

మీరు ఎవరితో టూ అన్నారు, ముందు ఎవరు దిగొచ్చారు... రాయండి, వచ్చి చదువుకుంటాను. ఆ రోజు నా కోసం నాయన గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఈసారి వెళ్లి మోచేతి కింద తల దూర్చాల్సింది నేనే... చెప్పులేసుకుంటున్నా.