బేగంపేటనా, శంషాబాదా

బేగంపేట నుంచి మామూలు విమానాలన్నీ శంషాబాద్‌కు మారిన ఏడాదే మా అమ్మ నాకు చివరిసారి ఒడిబియ్యం పోసింది. అది 2008. ఆ ఎండాకాలం మేముండే నాచారం మీద విమానాల మోత ఆగిపోయింది కాబట్టి నాకు బాగా గుర్తు. ఉప్పల్‌లో మా తల్లిగారింటి వాకిట్లో నేనూ మా ఆయనా పీటల మీద పక్కపక్కన కూర్చున్నాం. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు అమ్మ దోసిళ్లతో నా కొంగులో పోస్తూనే ఉంది. "సాలత్తమ్మా, నీ బిడ్డె లేవద్దా" అని మా ఆయన నవ్వించాడు.

మరుసటి ఏడాది అమ్మ పోయింది. రోడ్డు వెడల్పులో ఇల్లూ పోయింది. నాకు తల్లిగారిల్లంటే ఇక ముంబైలో ఉన్న తమ్ముడొక్కడే. ఒడిబియ్యం మళ్లీ ఐదో ఏట పోయాలి. పోసేది తల్లిగారివైపు వాళ్లే. పొద్దు గూకక ముందే పోయాలి. భర్త ఉన్న ఆడదానికే పోస్తారు. ఐదో ఏడు వచ్చేసరికి మా ఆయన కాలేయం చెడి మంచం పట్టాడు. దవాఖానా వాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. అంటే ఏమిటో మాకిద్దరికీ తెలుసు.

తమ్ముడు ఒక బట్టల సేటు దగ్గర లెక్కలు రాసేవాడు. అది పెళ్లిళ్ల కాలం, సెలవు దొరకలేదు. ఇంతలో ఉప్పల్ స్టేడియంలో క్రికెట్ మ్యాచ్ చూడడానికి సేటు, అతని స్నేహితులు కలిసి ఒక చిన్న విమానం మాట్లాడుకున్నారు. మధ్యాహ్నం దిగి, మ్యాచ్ చూసి, ఆ రాత్రే వెళ్లిపోవాలని వాళ్ల ఏర్పాటు. కార్లూ పాసులూ చూసుకోవడానికి ఈ ఊరివాడని మా తమ్ముణ్ణి వెంట తెచ్చుకుంటున్నారు. బియ్యం మూట విమానంలోనే తెచ్చి, పొద్దుండగానే మా ఇంటికొచ్చి పోసి పోతానన్నాడు. ఉప్పల్, నాచారం పక్కపక్కనే కదా అని వాడి ధైర్యం.

నాలుగు రోజుల ముందు వాడు ఫోన్ చేశాడు.

"అక్కా, సేటు అడుగుతుండు. మా చిన్న విమానం బేగంపేటల గూడ దిగొచ్చట, శంషాబాదుల గూడ దిగొచ్చట. స్టేడియంకు ఏది మంచిగుంటది? రోడ్లన్నీ మారినయ్, నాకు సమజైతలేదు. నువ్వేది జెప్తే గదే జెప్త."

సాయంత్రం చెబుతానన్నాను. ఫ్యాక్టరీలో హాజరు రాసే పని చేసి రిటైరైన దాన్ని, అడిగిన దానికి సరిచూడకుండా జవాబు చెప్పడం నాకు రాదు.

దూరం చూస్తే బేగంపేటే దగ్గర, శంషాబాద్‌లో సగం కూడా లేదు. అక్కడి నుంచి సికింద్రాబాద్, తార్నాక, హబ్సిగూడ మీదుగా రావాలి. హబ్సిగూడలో మలిగితే మా నాచారం. సేటు కారు ఆ చౌరస్తాలో ఒక్క నిమిషం ఆగితే తమ్ముడు మా ఇంటికి వచ్చేయగలడు. కానీ ఆ ఏడు తార్నాక నుంచి ఉప్పల్ దాకా మెట్రో స్తంభాల కోసం రోడ్డంతా తవ్వి పెట్టారు. అంతకుముందు ఒక మ్యాచ్ రోజునే మా ఆయన్ని తార్నాక దవాఖానా నుంచి ఆటోలో తెస్తున్నాను. హబ్సిగూడ చేరేసరికి ఆయన కూర్చోలేక నా ఒళ్లో పడుకున్నాడు. శంషాబాద్ నుంచైతే ఆరాంఘర్, ఎల్బీనగర్, నాగోల్ మీదుగా చుట్టు తిరగాలి, కానీ బండి ఆగదు. అయితే ఆ దారి స్టేడియానికి అవతలి పక్క నుంచి వస్తుంది. మ్యాచ్ రోజు ఉప్పల్ చౌరస్తా దాటి కారును ఇటు రానివ్వరు.

మా ఆయనకు రెండు దారులూ చెప్పాను. కళ్లు మూసుకునే విన్నాడు.

"బేగంపేట అనరాదు. అబద్ధమేమున్నది? గది గూడ ఎయిర్‌పోర్టే."

"సేటుకు ఆట మొదలు పోతది. తమ్మునికి మాట వడ్తది."

"మీ తమ్ముడు మాట వడనీ. నేను వడలేదా మీ ఇంట్ల?" అని నవ్వి, కాసేపటికి, నీకు తోచినట్టే చెప్పు అన్నాడు.

శంషాబాద్ అని చెప్పాను. అంత దూరమా అన్నాడు తమ్ముడు. దూరం కాదు, ఎంతసేపు పడుతుందో చూడమన్నాను.

మ్యాచ్ రోజు మా ఆయనకు వేడినీళ్లతో ఒళ్లు తుడిచి, గోడకు దిండు పెట్టి పీట మీద కూర్చోబెట్టాను. అమ్మ చివరిసారి పెట్టిన చీర కట్టుకొని పక్క పీట మీద కూర్చున్నాను. మధ్యాహ్నం ఒక చిన్న విమానం మా ఇంటి మీదుగా బేగంపేట వైపు దిగుతూ పోయింది. ఇద్దరం తల ఎత్తి చూశాం. అది వేరేవాళ్లది.

తమ్ముడు స్టేడియం గేటు నుంచి ఫోన్ చేశాడు. ఆట మొదలుకాక ముందే చేరారట, సేటు మెచ్చుకున్నాడట. కానీ పాసులన్నీ వాడి చేతిలోనే ఉన్నాయి, ఇంకా ఇద్దరు స్నేహితులు రావాలి. వాళ్లు రాగానే వస్తానన్నాడు. ఆ తర్వాత వాడి ఫోన్ కలవలేదు.

ఎండ వాలుతుండగా సేటు వాళ్ల కారు డ్రైవర్, లాలాపేట అతను, ఎవరిదో స్కూటర్ అడిగి తీసుకొని, చిలుకానగర్ గల్లీల గుండా మూట పట్టుకొచ్చాడు. మా తమ్ముణ్ణి సేటు లోపలి నుంచి వదలడం లేదని చెప్పి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. మూటలో పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, పోకలు, నాకొక చీర, మా ఆయనకు పంచె ఉన్నాయని తమ్ముడు ముందే ఫోన్‌లో చెప్పాడు.

మా ఆయన మూట మీద చెయ్యి వేశాడు.

"ఇంక పొద్దున్నది. నేను పోస్త, కొంగు వట్టు."

"నువ్వు పక్కన కూసునేటోనివి. పోసేటోనివి గాదు."

దీపం పెట్టేదాకా ఆయన చెయ్యి మూట మీదే ఉంది. అప్పుడు పట్టుకొని పక్కలోకి మార్చాను. స్టేడియం నుంచి అరుపులు వినిపిస్తుంటే, ఎవరో మంచిగ ఆడుతున్నరు అన్నాడు.

మృగశిర కార్తె రాకముందే ఆయన పోయాడు.

పదకొండో రోజుకు తమ్ముడు రైల్లో వచ్చాడు. తల్లిగారి వైపు నుంచి పెట్టాల్సిన చీర తెచ్చాడు. సికింద్రాబాద్‌లో దిగి, తార్నాక, హబ్సిగూడ మీదుగానే ఆటోలో వచ్చాడు. ఆ స్తంభాల మధ్య మస్తు సేపు పట్టిందని చెప్పాడు. ఆ రోజు మ్యాచ్ కూడా లేదు.

కార్యం అయ్యాక అటక మీద మూట వాడి కంట పడింది. కట్టిన ముడి కట్టినట్టే ఉంది. దించి ముందు పెట్టుకొని కూర్చున్నాడు.

"అక్కా, బేగంపేట అని ఎందుకనలే?"

"నువ్వు స్టేడియంకు తొవ్వ అడిగినవ్ తమ్మీ. ఇంటికి అడగలే."

కోపంతో అన్న మాట కాదు. కానీ వాడు మొహానికి తువ్వాల అడ్డం పెట్టుకున్నాడు.

ఆ బియ్యం ఇక నా కొంగులో పడేవి కావు. అన్నాన్ని పారబోయడం మా ఇంట్లో లేదు. చేటలో పోసి పురుగు ఏరాను. తమ్ముడు బిందెతో నీళ్లు పోస్తుంటే కడిగాను. నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగాం. అయినా వండితే అన్నం లేత పసుపుగానే ఉడికింది. ఇద్దరం ఎదురెదురుగా కూర్చొని తిన్నాం.