పసుపు కింద పుండు

మా అమ్మగారిల్లు కోరుట్ల దగ్గర, పసుపు పండించే ఇల్లు. మా ఆయన సిరిసిల్లలో ఇంట్లోనే సాంచెలు నడుపుతాడు. ఏటా పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఆ మరమగ్గాలు బంద్ పెట్టి సాయానికి వస్తాడు. ఆ ఏడు పసుపు ఉడికే డ్రమ్ము మూత తెరవగానే ఎగదన్నిన ఆవిరికి ఆయన కుడిచెయ్యి మణికట్టు దాకా కాలింది.

పసుపింటి బిడ్డను, నాకు ఒకరు చెప్పాలా? నిరుటి పసుపు గుప్పెడు తీసి నూనెలో కలిపి మెత్తాను. "దవఖానకు పోదాం" అని ఆయన అంటే నేనే కసిరాను.

"లోకమంత మన పసుపే కొనుక్కపోతది. నీకొక్కనికే పన్జెయ్యదా?"

మూడు రోజులు పసుపు మీద పసుపు మెత్తుతూనే ఉన్నాను. నాలుగోనాడు ఒళ్ళు కాలిపోయే జ్వరం. జగిత్యాలలో డాక్టరమ్మ ఆ పసుపంతా కడిగించేసరికి కింద కండ నల్లబడి ఉంది.

చీము పరీక్షకు పంపితే, అందులోని క్రిమికి ఉన్న మందులేవీ పట్టవని తేలింది. పక్కవాళ్ళకు అంటుతుందని ఆయన్ను విడిగా ఒక గదిలో వేశారు, తోడుగా నన్ను. గౌను, గ్లౌజులు, ముక్కుకు మాస్కు. అన్నం గిన్నె గుమ్మం దగ్గరే అందుకోవాలి. జ్వరంతో మూలిగే ఆయన తప్ప కొట్లాడదామన్నా మనిషి దొరకడు, నాలాంటి నోరున్నదానికి అదే పెద్ద శిక్ష. ఎటు తిరిగి కూర్చున్నా ఆయన వేళ్ళే కనిపించేవి. తెగిన పోగును ముడేసేది ఆ వేళ్ళే, మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ ముడితోనే.

"ఇంకేం మందే లేదా?" అని డాక్టరమ్మను రోజూ సతాయించాను. ఒకనాడు ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పెప్టైడ్లని చిన్న ప్రొటీన్ ముక్కలు ఉన్నయమ్మా. కప్ప తోల్ల పుడతయ్, మన తోల్ల గూడ పుడతయ్. క్రిమి మీది పొరకే బొక్క వెడతయ్. కాలిన పుండ్లకు ఇంక పరీక్షలే చేస్తున్నరు. నా చేతికి రాలే."

"మన తోల్లనే ఉంటే ఈయనకెందుకు పన్జెయ్యలే?"

"తోలే కాలిపాయె గదమ్మా."

ఆమె నెమ్మదిగానే చెప్పింది. ఉన్న మందు పట్టదు, పట్టే మందు ఇంకా రాలేదు. అడకత్తెరలో పోకచెక్కలా ఆ గదిలో ఇంకొన్నాళ్ళు ఉన్నాం.

చివరికి చూపుడువేలు, నడిమివేలు తీసేశారు. మిగతా చెయ్యి దక్కింది.

ఇప్పుడు పోగు తెగితే సాంచె ఆపి, "ఇగో, ఓసారి రా" అని పిలుస్తాడు. పొయ్యి మీద ఏమున్నా దించి పోతాను. రోజుకు ఎన్నిసార్లో. నేను ముడేస్తుంటే పక్కనే నిలబడి చూస్తాడు. వదులైతే "ఇంకింత బిగ్గ" అంటాడు, అంతే. పసుపు మాట ఇంతవరకు ఎత్తలేదు. ఒక్కసారి నోరారా తిడితే నేను ఆ గదిలోంచి బయటపడేదాన్ని.

మొన్న ఉండబట్టలేక నేనే అన్నాను, "ఒక్కసారన్న తిట్టరాదా నన్ను?"

ఆయన నా చేతుల వైపే చూస్తున్నాడు.

"పోగు జారుతుంది, చూడు" అన్నాడు.