దీపం ఇయ్యి, కార్డు ఇయ్యకు

కొమురయ్య గారు కన్నుమూశారని బల్లార్‌పూర్ నుంచి ఫోన్ వచ్చిన వేళ నేను మా ఆవిడ మాత్రలు డబ్బాలో సర్దుతున్నాను.  నిన్న సాయంత్రం దాకా నవ్వుతూ తిరిగిన మనిషి తెల్లవారేసరికి గుండెపోటుతో అస్తమించారంటే నమ్మడానికి మనసొప్పలేదు. ఆ పుణ్యమూర్తి స్మృతికి అంజలి ఘటించే ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. ఆ దుర్వార్త విన్న క్షణాన నాకు ఆయన ముఖంకన్నా ముందు నా కాగితం గుర్తొచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ ఆయన గురించి రాస్తూ అబద్ధమాడలేను.

నేను ఈ మరాఠీ ప్రాంతపు బొగ్గుగనిలో ఫిట్టర్‌గా చేసి మొన్ననే రిటైరయ్యాను. కంపెనీ చేయించిన ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే ఆగిపోతుంది. ముప్పై రోజుల్లోగా దరఖాస్తు పెట్టుకుని, ఇకమీదట మన వాటా మనమే కట్టుకుంటే అదే బీమా భార్యాభర్తలిద్దరికీ కొనసాగుతుంది. గడువు దాటిందా, కొత్త బీమాయే గతి. అందులో పాత జబ్బులకు ఏళ్ల తరబడి ఏమీ రాదు. మా ఆవిడ సుజాతకు గుండెలో స్టెంటు వేసి ఏడాది కూడా కాలేదు. నా దరఖాస్తును చంద్రపూర్ బీమా ఆఫీసులో ఇచ్చి వస్తానని కొమురయ్య గారు మంగళవారం పట్టుకెళ్లారు. బుధవారం ఆయన లేరు. కాగితం అక్కడ చేరిందో, ఆయన సంచిలోనే ఉండిపోయిందో నాకు తెలియదు.

ఆయన పెద్ద హోదాలు వెలగబెట్టినవారు కారు. మా గనిలో బత్తీఘర్ మనిషి. కిందికి దిగేవారికి తలదీపాలు అందించి, పైకి వచ్చాక ఒక్కొక్కటే తిరిగి తీసుకోవడం ఆయన కొలువు. మా కార్మికులది ఒక పిచ్చి ఆత్మాభిమానం. ఆఖరి షిఫ్టు నాడు కంపెనీ వస్తువు ఒక్కటి కూడా ఒంటిమీద మిగలకూడదు. దీపం, హెల్మెటు, హాజరు బిళ్ల, బూట్లు బత్తీఘర్ కిటికీలో పెట్టి, వాటితోపాటు బీమా కార్డును కూడా కళ్లకద్దుకుని అప్పజెప్పేవారు. ఆ కార్డు జతచేయనిదే దరఖాస్తు కదలదు. నకలు కావాలంటే నెలలు పడుతుంది, గడువేమో ఆగదు. ఎందరు నిజాయితీపరులు ఆ కిటికీ దగ్గర తమ వైద్యాన్ని తామే వదులుకున్నారో! అది చూసి చూసి ఆయన కడుపు రగిలింది. తాను రిటైరయ్యాక కూడా ప్రతి నెలాఖరునా వచ్చి ఆ కిటికీ పక్కనే నిలబడేవారు.

నా ఆఖరి రోజునా ఉన్నారు. మెడలో దండతో, ఎవరికీ ఏమీ బాకీ లేనన్న గర్వంతో నేను కార్డు జేబులోంచి తీశాను. ఆయన గభాలున నా మణికట్టు పట్టుకున్నారు.

"దీపం ఇయ్యి రాములూ, కార్డు ఇయ్యకు."

"కంపెనీ సొమ్ము గదన్నా, మనకెందుకు?"

"దీపం కంపెనీది. రోగం నీది గాదురా? జేబుల పెట్టుకో!"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. నేను మాత్రం ఆ సాయంత్రమంతా జేబు తడుముకుంటూనే ఉన్నాను.

ఆయన చదువు ఏడో తరగతి, అదీ మరాఠీలో. తెలుగు నోటితో వచ్చింది గానీ అక్షరం రాలేదు. దరఖాస్తేమో ఇంగ్లీషు. ఎవరెవరినో బతిమాలి ఒక్కొక్క గడికి అర్థం చెప్పించుకుని, ఆ తెలుగు మాటలను మరాఠీ అక్షరాల్లో నోటుబుక్కులో రాసుకున్నారు. దాన్ని చూసి మాకు చదివి వినిపించేవారు. చదివాక, "సమజైందా? కాకపోతె మల్లా సదువుత, నాకేం తొందర లేదు" అనేవారు. ఆ సహనం ఋషితుల్యం.

అలాగని మెతక మనిషేం కాదు. ఒకసారి ఆఫీసు గుమాస్తా "కాకా, ఉద్యా యా" అని రేపటికి తిప్పి పంపబోతే, ఆయన టిఫిన్ డబ్బా విప్పి అక్కడే బల్లమీద కూర్చున్నారు. "రేపు రమ్మన్నవు గదా, ఈణ్నే ఉంట. రేపే నా దగ్గరికొస్తది" అన్నారట. గంటలో పని అయిపోయింది. "కాయితం ఇచ్చుడు పని గాదు, ముద్ర తెచ్చుకునుడు పని" అని మాతో వెయ్యిసార్లు అనుంటారు.

ఆ ముద్ర కోసమే నా ప్రాణం కొట్టుకుంది. చంద్రపూర్ ఆఫీసుకు వెళితే నా పేరు కంప్యూటర్లో ఇంకా ఎక్కలేదు. "కాకా, పోచ్ దాఖవా" అంది అక్కడి అమ్మాయి, ముద్ర వేసిన రసీదు చూపించమని. మళ్లీ దరఖాస్తు పెడదామంటే నా కార్డు ఆ కాగితానికే కుట్టి ఉంది. పరామర్శకని రెండుసార్లు ఆయన ఇంటికి వెళ్లాను. ఏడుస్తున్న ఆయన భార్య లచ్చక్క ముందు కూర్చుని, కొయ్యకు వేలాడుతున్న ఆయన గుడ్డసంచిని దొంగలా చూశాను. అడగడానికి నోరు రాలేదు. ఇంటికొస్తే సుజాత నా ముఖం చూసి, డబ్బాలో ఇంకెన్ని మాత్రలున్నాయో లెక్కపెట్టి వేసుకునేది. 

గడువుకు ఆరు రోజులుందనగా, పదకొండో రోజు కర్మ ముగిశాక లచ్చక్కే ఆ సంచి తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇగో తమ్మీ, నీ కాయితం. మంగళారం ఒచ్చినంకనే చెప్పిండు, పొద్దుగాల్లనే రాములుకు ఇచ్చి రావాలె, పాపం పరేషానయితుంటడు అని."

రసీదు మీద నీలిరంగు ముద్ర ఉంది. నేను ఏడ్చేశాను. ఆయన కోసమో, సుజాత కోసమో ఇప్పటికీ చెప్పలేను.

అప్పుడామె ఇంకో చెయ్యి చాచింది. అందులో కొమురయ్య గారికి రిటైరయ్యాక కొత్తగా వచ్చిన కార్డు.

"గిది గూడ ఆఫీసుల అప్పజెప్పు. మనిషే పాయె, కంపెనీ సొమ్ము ఇంట్ల ఉంచుకుంటె మంచిగుండది."

కార్డు మీద రెండు పేర్లున్నాయి. రెండోది ఆమెది. ఆమెకు షుగరు, రోజూ ఇన్సులిన్. ఊరందరి కార్డులు ఆపిన మనిషికి సొంత ఇంట్లో ఆ మాట చెప్పే వేళే రాలేదు కాబోలు.

"ఇయ్యకు అక్కా," అన్నాను. సంచిలో నోటుబుక్కు వెతికాను. ఆఖరి పేజీల్లో ఉంది, భర్త పోతే భార్య ముప్పై రోజుల్లో ఏమేం చెయ్యాలో, అవే మరాఠీ అక్షరాల్లో, ఆయన మాటల్లోనే. నాకొచ్చిన కొద్దిపాటి మరాఠీతో తడబడుతూ పైకి చదివాను. "సమజైందా అక్కా?" అని అడిగాను.

"సమజైంది తమ్మీ," అంది కళ్లు తుడుచుకుని. "అయినా మల్లా సదువు. ఆయన మాట్లాడినట్టే ఉన్నది."

మళ్లీ చదివాను. మర్నాడే ఆమె దరఖాస్తు ఇచ్చి ముద్ర తెచ్చాను. ఈ నెలాఖరున నలుగురు ఆఖరి షిఫ్టు ముగించి పైకి వస్తారు. ఆ కిటికీ పక్కన నేను నిలబడతాను గానీ, కొమురన్నా, నీలా గభాలున చెయ్యి పట్టుకోగలనా అని ఇప్పటినుంచే బెంగగా ఉంది. నీ పాదాలకు నమస్సులు. ఒక్క కార్డు కిటికీ దాటినా ఆ పాపం నాదే.