పీచుబొచ్చు కుక్క, మా మేనమామ

పోయేవాడు ఆ కుక్క సంగతేదో తేల్చి పోవద్దా? మా మేనమామ అదేమీ పట్టించుకోకుండా, పోయిన నెల ఒకరోజు మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నవాడు పడుకున్నట్టే వెళ్ళిపోయాడు. అన్నేళ్ళు సముద్రం మీద వేటాడినవాడు, చివరికి నులకమంచం మీద పోయాడు.

అట్లాంటి కుక్కను మీరు చూసి ఉండరు. కృష్ణపట్నం పోర్టులో ఆఫీసరొకాయన బదిలీ మీద పోతూ, రోజూ చేపలిచ్చే మామకు దాన్ని అప్పజెప్పాడు. గ్రిఫాన్ జాతి అట. పిల్లికన్నా కాస్త పెద్దది. చప్పిడి ముక్కు, ముసలాయన గడ్డం, ఒళ్ళంతా కొబ్బరిపీచులాంటి బొచ్చు. కాపలాకు పనికిరాదు. ఒళ్ళో కూర్చోవడమే దాని ఉద్యోగం. ఒక్క మనిషినే పట్టుకుంటుంది. ఆ మనిషి మంచినీళ్ళకు లేచినా వెంట నడుస్తుంది.

"మామా, దీంతో గిన్నెలు తోముకోవచ్చు" అన్నాను మొదటిరోజు.

"ముందు నీ గడ్డంతో తోమి చూపించరా అల్లుడా."

అత్త గుమ్మంలో చీపురుతో నిలబడింది. "ఆ పీచుమొహంది గడప దాటిందంటే నేను పుట్టింటికి పోతా."

"పోయేటప్పుడు చెప్పు. బస్సు దాకా ఇద్దరం వచ్చి సాగనంపతాం" అన్నాడు మామ.

ఆ బొచ్చుకు కత్తెర పెట్టకూడదట. ఎండిన వెంట్రుకలను వేళ్ళతో ఏరి లాగాలి. సాయంత్రం వసారాలో కూర్చుని, వలలో చిక్కిన నాచు ఏరినట్టే ఏరేవాడు మామ. అది కళ్ళు మూసుకునేది.

"నొప్పి పుట్టదా మామా?"

"పోవాల్సింది తేలిగ్గా వచ్చేస్తదిరా. రాకపోతే వదిలెయ్, దానికింకా పనుండాది."

ఆయనా అంత తేలిగ్గా వెళ్ళిపోతాడని అప్పుడనుకోలేదు.

పెద్దకర్మ నాడు గుండ్లు గీయడానికొచ్చినాయన కుక్కను చూసి, "దీనికీ గీసేదా?" అన్నాడు. అందరం నవ్వాం. అత్త నవ్వలేదు.

"దానికి కత్తి పెట్టబాక. ఆయన పెట్టనిచ్చినోడు కాదు."

మామ పోయిన దగ్గర్నుంచీ అది ఎవరినీ ముట్టనివ్వదు. నేను చెయ్యి చాపితే పళ్ళు చూపిస్తుంది. అత్త అన్నం కలిపి పెట్టి పక్కకు తప్పుకుంటే, నాలుగు మెతుకులు తింటుంది. బొచ్చు కళ్ళలోకి దిగింది. ఇట్లాగే వదిలేస్తే పుండ్లు పడి చూపు పోతుందన్నాడు పశువుల డాక్టరు.

సాయంత్రమైతే ఖాళీ మంచం పక్కన కూర్చుని, ఆ పీచు సందుల్లోంచి వీధి వైపు చూస్తుంది. నేనూ అటే చూస్తాను. మామ ఇప్పుడొస్తే ముందు ఆ కళ్ళ మీది వెంట్రుకలు తీస్తాడు, తర్వాతే కాళ్ళు కడుక్కుంటాడు, అప్పుడు నా వైపు తిరిగి

"అబ్బయా, ఆ రాసేది ఆపి బిరీన రా. చప్పుడు చెయ్యబాక. మీ మామ ఒళ్ళో మాదిరే ఇది వచ్చి నా ఒళ్ళో పడుకోనుండాది. ఎండిన వెంట్రుక ఏదో నా కంటికి ఆనడంలా. నువ్వు చూపించు, నేను లాగతా."