నాలుగో పిన్ను

ప్రింటర్‌కు ఏం రోగమొచ్చిందో పర్శరాములు ముందుగాల చెవితోటే పట్టుకుంటడు. రిబ్బన్ ఎండితే చప్పుడు పొడిపొడిగ వస్తదట. కాయితం ఒక పక్కకు గుంజుకుంటే సన్నగ కీచుమంటదట. అక్షరాలు కొట్టే హెడ్డు వేడెక్కితే పొద్దూకేదాక దున్నిన ఎద్దు తీరు నడుమ నడుమ నిలబడి ఊపిరి తీసుకుంటదట. చొప్పదండి బస్టాండ్ ముందరి హోటల్ల చాయ్ గ్లాసు పక్కకు జరిపి, బల్ల మీద రెండు వేళ్లతోటి ఆ చప్పుళ్లన్నీ కొట్టి నాకు వినిపించిండు. అడిగినకొద్దీ చెప్పిండు. అడగకపోతే ఊకుంటడు, అసొంటి మనిషి.

వాళ్ల బాపు హనుమండ్లు మస్కట్‌ల రోడ్లేసే కంపెనీల పనిచేస్తడు, డాంబర్ మరిగించే కాడ. సెలవు మీద వచ్చినప్పుడల్లా కాలి బొబ్బలెక్కిన ఆయన అరచేతులు చూస్తే పర్శరాములుకు బువ్వ తినబుద్ధి కాకపోయేది. ఇంటర్ అయినంక ఆ బాపే కొడుకును కరీంనగర్‌కు తోలుకపోయి కంప్యూటర్ కోర్సుల చేర్పించిండు. చేర్పించి, బయట మెట్ల మీద నిలబడి అన్నడు.

"ఎండల పని నాతోటే ఆగాలె కొడుకా. నువ్వు నీడకు కూసోని చేసే పని నేర్చుకో."

ఆ ఒక్క మాట నిలబెట్టుడే పర్శరాములుకు బతుకుల అసలు పని అయ్యింది. కోర్సు అయినంక కరీంనగర్‌ల ఒక ఆఫీసుల కంప్యూటర్ ఆపరేటర్‌గ తీసుకున్నరు. అప్పుడు తొంభై ఒకటి నడుస్తుండె. పర్మినెంట్ కాదు, కాంట్రాక్టు. ఏడాదికోసారి పైన ఎవరో సంతకం పెడితే ఇంకో ఏడాది ఉన్నట్టు. మంచిగ చేస్తున్నోళ్లను పర్మినెంట్ చేస్తరని ఆఫీసుల అప్పటికే మాట నడుస్తుండె. ఇంట్ల కన్నతల్లి బుచ్చవ్వ ఆ మాట పట్టుకొని, కొడుకు నౌకరి పక్కా అయితే నడుచుకుంట కొండగట్టు వస్తనని అంజన్నకు మొక్కింది.

ఆఫీసుల పర్శరాములు పని ముసలోళ్ల పెన్షన్ పట్టీలు, అంటే పేర్ల జాబితాలు, తీసుడు. ఊరూరి పేర్లు తెలుగుల అచ్చయ్యి మండలాలకు, అక్కడికెల్లి పోస్టాఫీసులకు పోవాలె. కంప్యూటర్‌దొక భాష, ప్రింటర్‌దొక భాష. రెండింటి నడుమ తర్జుమా చేసే చిన్న ప్రోగ్రాంను డ్రైవర్ అంటరు. ఆ ప్రింటర్‌కు తెలుగు అక్షరం అంటే ఏందో ఎరుక లేదు. దానికి ఎరుకైంది చుక్కలే. హెడ్డుల నిలువుగ ఒకదాని కింద ఒకటి సన్నటి పిన్నులుంటయి. ఏ పిన్ను ఎప్పుడు ముందుకు పొడవాల్నో డ్రైవర్ చెప్తది, చుక్క చుక్క కలిసి అక్షరమైతది. ఇదంతా పర్శరాములుకు కోర్సుల ఎవరూ చెప్పలే. ప్రింటర్ డబ్బాల వచ్చిన పుస్తకం చివరి పేజీలు పట్టుకొని ఆయనే నేర్చుకున్నడు.

సంగతి దసరా కాడ మొదలైంది. ఆ ఆఫీసుల సూపరింటెండెంట్ జగన్మోహన్‌రావు సారు పూజలు మస్తు నిష్ఠగ చేస్తడు. పండుగ ముందటి నాడు టైపు మిషన్లకు, జీపుకు, బీరువాలకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టించుడు ఏండ్లకెల్లి నడుస్తున్నదే. ఆ ఏడు ప్రింటర్ కొత్తగ వచ్చింది. మూత మీద బొట్టు పెడదామని అటెండర్ దశరథం పోతే సారు ఆపిండు. మూతకు పెడితే ఏమొస్తది, పనిచేసే కాడ పెట్టాలె అన్నడు. మూత తీయించి, పిన్నులు బయటికొచ్చే మూతి ఏడున్నదో అడిగి తెలుసుకొని, తడి పసుపు రాసి, దాని మీద కుంకుమ అద్దిండు. పర్శరాములు వద్దనబోయి ఆగిండు. దేవుని పని కాడ కాంట్రాక్టోడు అడ్డం మాట్లాడితే ఎట్లుంటదో ఆయనకు ఎరుకే.

పండుగ పోయినంక పట్టీలు తీస్తే ప్రతి పేరు నడుమకెల్లి పాపిడి తీసినట్టు తెల్లటి గీత. పసుపు, కుంకుమ, రిబ్బన్ సిరా కలిసి ముద్దయ్యి నాలుగో పిన్ను లోపలనే పట్టేసింది. స్పిరిట్ పెట్టి తుడిచిండు, మెల్లగ గోటితోటి కదిలించి చూసిండు. అది రాలే. గుంజితే వంగింది. సారుకు చూపిస్తే కాయితం ఎత్తి పట్టుకొని, చదువొస్తున్నది గదా, పంపుమన్నడు. పంపిన్రు.

చొప్పదండిల పర్శరాములు ఇంటి ఎనుక పోశవ్వ అని ఒక ముసలమ్మ ఉంటది, ఎవరూ లేనిది. పోస్ట్‌మన్ ఆ పట్టీ ఆమె ముందట పెట్టి, చూడు, పేరు మీద గీత ఉన్నది, కొట్టేసినట్టున్నరు, నేను ఇయ్యరాదు అన్నడట. అన్ని ఊర్లల్ల గదే కథ. చానా పోస్టాఫీసులు పట్టీలు వాపస్ చేసినయి. ఆ నెల ముసలోళ్ల చేతికి ఏం రాలే. పర్శరాములు ఆదివారం ఇంటికి వస్తే పోశవ్వ వాకిట్లనే పట్టుకుంది.

"ఆ పేర్లు నువ్వే కొడ్తవంట గద బిడ్డా. నేనేం జేసిన్నని నా పేరు కొట్టేసినవ్?"

కొట్టెయ్యలే అవ్వా, మిషన్ ఖరాబైందని చెప్పిండు. ఆమె నమ్మినట్టు లేదు. మిషన్‌కు నా పేరే దొరికిందా అని గొణుక్కుంట పోయింది.

ప్రింటర్ కంపెనీ మనిషి హైదరాబాద్‌కెల్లి వచ్చి చూసి, హెడ్డే మార్చాలన్నడు. హెడ్డు కావాల్నని ఆఫీసు పైకి రాసింది. పైకెల్లి జవాబు రాలే. మళ్ల రాసిన్రు. ఇగ అది రాదని పర్శరాములుకు అర్థమైంది. చచ్చిన పిన్ను లేవదు. అయితే పక్క పిన్నులు బతికే ఉన్నయి గదా అన్న ఆలోచన అప్పుడు పుట్టింది.

ఆయన అనుకున్నది ఇదీ. డ్రైవర్ ప్రింటర్‌కు పంపే దారిల అడ్డం కూసుండే ఇంకో చిన్న ప్రోగ్రాం రాయాలె. పోయే చుక్కలన్నీ అది చూడాలె. నాలుగో పిన్ను కొట్టాల్సిన చుక్కలను తీసి పక్కకు పెట్టుకొని, మిగిలినయి పోనియ్యాలె. వరుస అయిపోయినంక కాయితాన్ని ఒక్క పిన్నంత పైకి జరపాలె. అప్పుడు ఖాళీగున్న జాగ మూడో పిన్ను ముందటికి వస్తది. దాచిన చుక్కలను మూడో పిన్నుతోటి కొట్టించాలె.

చెప్పితే గింతే. చేస్తే ముందుగాల అక్షరాలకు నీడలు పడ్డయి. రెండోసారి కొట్టిన చుక్క జర పక్కకు పడుతుండె. లెక్క తప్పిందనుకొని ప్రోగ్రాం అంతా తిరగరాసిండు, అయినా గట్లనే. ఒకనాడు రాయకుంట, కొట్టకుంట, ఉత్తగ హెడ్డును చూసుకుంట కూసున్నడు. అది దున్నేటప్పటి నాగలి తీరు పోయేటప్పుడు ఒక సాలు, మళ్లి వచ్చేటప్పుడు ఒక సాలు కొడుతున్నది. వచ్చేటప్పటి సాలు వెంట్రుకంత పక్కకు పడుతున్నది. తప్పు లెక్కల లేదు, నడకల ఉన్నది. ఎప్పుడూ ఎడమకెల్లే మొదలువెట్టమని పుస్తకంల ఒక ఆజ్ఞ ఉంటే అది కలిపిండు. నీడలు పోయినయి.

అంతల ఇంకోటి లేచింది. పేజీలు పోంగ పోంగ పేర్లు కిందికి జారి, ఆఖరి పేరు కాయితం చించే గీత మీద పడుతుండె. కాయితాలు కిటికీ వెలుగుకు ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే తెలిసింది. తాను జరిపిన పిన్నంత జాగను తర్వాతి వరుస కాడ తగ్గించుడు మర్చిపోయిండు. తగ్గించిండు. కాయితం సక్కగ నిలబడ్డది, పేరు మీద గీత మాయమైంది.

అప్పటికెల్లి ఆ ప్రింటర్ చప్పుడే మారింది. ఒక పెద్ద గర్జన, దాని ఎనుక ఒక చిన్న గీకుడు. గర్జన, గీకుడు. మొదటి పట్టీ సారు బల్ల మీద పెడితే అద్దాలు సవరించుకొని చూసిండు, మొఖం వెలిగింది. ఆఫీసు మొత్తం వినేటట్టు అన్నడు.

"చూసిన్రా? అమ్మవారికి చేసిన పూజ యాడికి పోతది. మిషన్ దానంతట అదే బాగైంది."

పర్శరాములు పోయి ఇంకో కాయితం ఎక్కించిండు. ఏమన్నా అంటే పూజతోటే ఖరాబైందని చెప్పాల్సి వస్తది. మరుసటి దసరాకు మాత్రం ముందే హెడ్డు తీసి అలమారల దాచిండు. సారు హెడ్డు తిరిగే ఉత్త ఇనుప కడ్డీకి బొట్టు పెట్టి దండం పెట్టుకున్నడు.

పట్టీలు వాపస్ వచ్చుడు ఆగింది. పోశవ్వ పర్శరాములుతోటి మళ్ల మాట్లాడవట్టింది. ఎటొచ్చి, ఏదీ ఆగని కాడ పనిచేసేటోడు ఎవని కంటికీ ఆనడు. బటన్ ఒత్తుతడు, కాయితం వస్తది, గింతే గదా అని ఆఫీసుల అందరి లెక్క. తాను సెలవు పెట్టిననాడు తకలీఫ్ కావొద్దని ఏ బటన్ ఒత్తాల్నో దశరథానికి కూడ ఆయనే నేర్పిండు.

అట్ల నడుస్తుండంగ హైదరాబాద్‌కెల్లి ఒక ఆఫీసరు వస్తుండని, కాంట్రాక్టోళ్లల్ల ఎవరు కావాలె, ఎవరు వద్దు తేల్చి పోతడని ఖబరొచ్చింది. దశరథం వయసుల పెద్దోడు, ఆఫీసు నడక తెలిసినోడు. పర్శరాములును మెట్ల కాడికి పిలిచిండు.

"తమ్మీ, నువ్వు ఖరాబు కానిస్తే గదా బాగుచేసినట్టు కనవడేది. ఆయన వచ్చేముందర ఒక్క దినం నీ ప్రోగ్రాం ఆపు. గీతలు పడంగనే సారే ఉరికొస్తడు, నిన్నే పిలుస్తడు. నువ్వెవరో అప్పుడెరుకైతది."

పర్శరాములు ముందు వద్దన్నడు. ఇంటికాడ అవ్వ మొక్కు యాదికొచ్చింది, బాపు చేతులు యాదికొచ్చినయి. ఆఫీసరు వచ్చే ముందటి నాడు పొద్దుగాల, కంప్యూటర్ చాలు కాంగనే తన ప్రోగ్రాంను దానంతట అదే నడిపించే ఒక్క ఆజ్ఞ వరుసను తీసేసిండు. పట్టీలు తీసిండు. పాపిడి గీత మళ్ల పేరుపేరు నడుమకెల్లి పోయింది. కాయితాలు సారు బల్ల మీద పెట్టి, పిలుస్తడని గోడ పక్కన నిలబడ్డడు.

జగన్మోహన్‌రావు సారు ఒక కాయితం ఎత్తి చూసిండు. ఇంకోటి చూసిండు.

"చదువొస్తున్నది గదా. పంపుర్రి. వాపస్ వస్తే అప్పుడు చూద్దాం."

సంతకం పెట్టిండు. ఎవరూ ఉరికి రాలే, ఎవరూ పిలవలే. గీతలు పడ్డ కాయితాలు మండలాల పేర్ల మీద కట్టలు కడుతున్నరు. పర్శరాములుకు అప్పుడు సమజైంది. ఆ గీత ఆఫీసుల ఎవరికీ తగలది. అది పోయి పోశవ్వకు తగులుతది. దశరథం కళ్లతోటి ఆగు, ఆగు అని సైగ చేస్తున్నడు. పర్శరాములు ఆగలే. చిన్న పొరపాటైంది సార్ అని కట్టలు వాపస్ తీసుకపోయి, తీసేసిన వరుస మళ్ల పెట్టి, పట్టీలన్నీ మొదటికెల్లి తీసిండు. దినమంతా గర్జన, గీకుడు. కాయితం దండుగ చేసినవని సారు పొద్దూకినంక నాలుగు తిట్లు కూడ పెట్టిండు.

తెల్లారి ఆఫీసరు వచ్చిండు. మర్యాదస్తుడే, కూసోమన్నడు.

"ఇక్కడ నువ్వు చేసే పని ఏంది?"

"పట్టీలు తీస్త సార్. ప్రింటర్ చూసుకుంట."

"ఖరాబైతే బాగుచేస్తవా?"

"ఖరాబు కానియ్య సార్."

ఆఫీసరు జగన్మోహన్‌రావు సారు దిక్కు తిరిగిండు. మిషన్‌కు ఏ ఇబ్బందీ లేదు సార్, మా అటెండర్ కూడ తీస్తడు, అన్నడు సారు. కావాల్నని ముంచలే. ఆయనకు కనవడ్డదే చెప్పిండు. పిన్ను సంగతి, ప్రోగ్రాం సంగతి చెప్పుదామని పర్శరాములు నోరు తెరిచిండట. యాడ మొదలువెట్టాలె? పూజ కాడ మొదలువెట్టాలె. సారు ముందట్నే కూసున్నడు. లేచి దండం పెట్టి బయటికొచ్చిండు. ఆ ఏడు ఆయన కాయితం మీద సంతకం పడలే.

బాపు మస్కట్‌కెల్లి ఫోన్ చేసి ముందుగాల వానల గురించి అడిగిండు. తర్వాత, కంపెనీ మా క్యాంపులనే మనుషులను తీసుకుంటున్నదని మెల్లగ చెప్పిండు. అవ్వ మొక్కు గురించి మళ్ల ఎత్తలే.

మస్కట్ తోలే ఏజెంటు ఏదన్నా పనిచేసినట్టు కాయితం తెమ్మంటే పర్శరాములు మొన్న ఆఫీసుకు పోయిండు. లోపలికి రమ్మనే దాక బయట బల్ల మీద కూసున్నడు. కిటికీలకెల్లి ప్రింటర్ వినవడ్డది. గర్జన, గీకుడు. చెవి ఒగ్గి విన్నడు. రిబ్బన్ మంచిగనే ఉన్నది. కాయితం సక్కగ పోతున్నది.

దశరథం ఆయన కాయితం ఆ ప్రింటర్‌లనే తీసి తెచ్చిండు. తేటగ ఉన్నది, పేరు మీద గీత లేదు. ఇచ్చుకుంట, పర్శరాములు సంబురపడుతడనే అన్నడు.

"నువ్వు పోయిన కాన్నుంచి ఒక్కనాడు గూడ ఆగలే తమ్మీ."

ఆ మాట చెప్పి పర్శరాములు చల్లారిన చాయ్ తాగిండు. నౌకరి పోయిననాడు ఆ ఒక్క వరుస తీసేసి రావొచ్చు గదా, మనసుకు రాలేదా అని నేను అడిగితే తల అడ్డం ఊపిండు. ఎన్నడన్న దానంతట అదే ఆగుతదనుకున్నడట. ఆగితే కబురొస్తదని, వస్తే పోవాల్నని ఇన్ని దినాలు చూసిండట. ఆయన వేళ్లు బల్ల మీద ఒక పెద్ద చప్పుడు, దాని ఎనుక ఒక చిన్న చప్పుడు కొట్టినయి.

"ఆ ప్రోగ్రాం నేను గంత మంచిగ రాసేది లేకుండె," అన్నడు.